పోపుకి ముందే పిల్లి వాటా

మా పిల్లి పేరు ఉలవ. దాని ఒంటి రంగు అచ్చం ఉలవల రంగే, అందుకే ఆ పేరు. రెండేళ్ళ క్రితం కార్తీకమాసం మూడో వారంలో ఒక సాయంత్రం అది బీరువా కింద నుంచి బయటికి రాలేదు. పాలగిన్నె చప్పుడు చేశాను. రాలేదు. చేయి పెట్టి మెల్లగా లాగితే, ఎప్పుడూ గోళ్ళు దించే పిల్లి, తడిగుడ్డలా నా చేతిలోకి వచ్చేసింది.

ట్యూబ్‌లైటు కిందకి తీసుకొచ్చి పై పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ళు తెల్లగా ఉన్నాయి. తెలుపంటే పాలిపోవడం కాదు, కాగితం తెలుపు. డొక్కలు గబగబా ఎగసి పడుతున్నాయి. ఒళ్ళో పాత తువ్వాలు వేసి పడుకోబెడితే కాసేపటికి అందులోనే పోసుకుంది. ఆ మరక డికాషన్ రంగులో ఉంది. మా అత్తయ్య తువ్వాలుని దీపం దగ్గరికి పట్టుకెళ్ళి చూసి, "ఇది మామూలు ఒంటికి కాదమ్మా, రక్తం" అంది.

మాది పర్లాకిమిడి. గజపతి జిల్లా, ఒడిశా. మహేంద్రతనయ అవతలికి వెళ్తే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్ర. ఆ రోజు ఊళ్ళో పశువుల డాక్టరు గారు దొరకలేదు. టెన్షన్‌లో ఒక మందుల షాపుకి పరిగెత్తి, పిల్లి నలతగా ఉంది, ఏదైనా ఉందా అని అడిగాను. కౌంటరులో కుర్రాడు క్షణం కూడా ఆలోచించకుండా పిల్లల జ్వరం సిరప్ తీసి, "రెండు చుక్కలు వెయ్యండి మేడం, లేచి కూర్చుంటుంది" అన్నాడు. అది పారాసిటమాల్. కొన్నాను. ఇంటికి తెచ్చాను. మూత కూడా తీశాను. ఉలవ నోరు తెరవలేదు కాబట్టి వెయ్యలేకపోయాను. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం ఆ సీసానే. దాని సంగతి కాసేపటికి చెబుతాను.

మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకెళ్ళాం, గంపలో పెట్టి, పైన చున్నీ కట్టి. అక్కడ కుక్కల్ని, పిల్లుల్ని చూసే ఒక డాక్టరమ్మ ఉంది. ముందు కాలి నుంచి రక్తం తీసి, ఎర్ర కణాలు 16 శాతమే ఉన్నాయంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి సుమారుగా 30 నుంచి 45 మధ్య ఉండాలట. ఒక చుక్క గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూసి, నన్నూ చూడమంది. ఎర్ర కణాల అంచుల్లో మొటిమల్లా చిన్న చిన్న ఉబ్బులు. వాటిని హైంజ్ బాడీలు అంటారు. 1890లో రాబర్ట్ హైంజ్ అనే జర్మన్ డాక్టరు వాటి గురించి మొదట రాశాడు. నేను కన్ను తీసేలోపే డాక్టరమ్మ అడిగేసింది, "ఈ వారంలో ఉల్లిపాయ గానీ వెల్లుల్లి గానీ తిందా?"

నాకు కోపం వచ్చింది. "కార్తీకం అండి. మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి గడప తొక్కి ఇరవై రోజులైంది" అన్నాను. ఆవిడ మళ్ళీ మైక్రోస్కోప్‌లోకి చూసి, "మీ ఇంట్లో కాకపోతే పక్కింట్లో" అంది.

ఇక్కడ మా ఊరి పంచాంగం గురించి రెండు మాటలు చెప్పాలి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు కలిసింది. వంటిళ్ళు మాత్రం అంతకు చాలా ముందే కలిసిపోయి ఉంటాయి. కార్తీకం ఇద్దరికీ ఉంది, కానీ ఒకే రోజు మొదలవదు, ఒకే రోజు ముగియదు. ఒడియావాళ్ళ కార్తీకం కుమార పూర్ణిమ మర్నాడు మొదలై కార్తీక పూర్ణిమతో అయిపోతుంది. మనది దీపావళి వెళ్ళాక మొదలై అమావాస్య దాకా నడుస్తుంది. ఒడియావాళ్ళ నెలలో ఆఖరి ఐదు రోజుల్ని పంచుకొ అంటారు. ఆ ఐదు రోజులూ కొంగ కూడా చేపని ముట్టదని ఇక్కడ నమ్మకం. పూర్ణిమ తెల్లవారితే ఛాడఖాయి. నెల రోజులు బిగబట్టుకున్న మాంసాహారులంతా ఆ రోజు మటన్ షాపుల ముందు వరస కడతారు. మన కార్తీకం అప్పటికి సగమే అయి ఉంటుంది.

అంటే పక్కింటి మావుసీ ఇంట్లో ఛాడఖాయి విందు జరుగుతున్న రోజున మా ఇంట్లో ఇంకా పెసరపప్పు, దోసకాయ. మావుసీ అంటే పిన్ని. రక్తసంబంధం లేదు, మధ్యలో ఒక గోడ ఉంది, అంతే. ఉలవ రోజుకి నాలుగుసార్లు ఆ గోడ దూకుతుంది.

శ్రీకాకుళం నుంచి వచ్చాక నేనే వెళ్ళి అడిగాను. అడిగేటప్పుడు తప్పు పడుతున్నట్టు ఉంటుందేమోనని గొంతు తగ్గించాను. ఆవిడకి ఆ భయమే లేదు. సంతోషంగా చెప్పింది. మీ ఇంట్లో నోము కదా, పాపం అది నెల నుంచి పాలన్నం తిని ఎండిపోయింది, అందుకే ఛాడఖాయి రోజున పిలిచి కడుపునిండా పెట్టాను అంది. మర్నాడూ పెట్టింది, ఆ మర్నాడూ పెట్టింది, ఫ్రిజ్‌లో మిగిలింది కదా. ఎలా పెట్టిందో చేసి చూపించింది కూడా. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య అన్నం నలుపుతూ, ఎముక ముక్కలు ఒక్కొక్కటీ ఏరి పళ్ళెం అంచున పెడుతూ, చిక్కటి గ్రేవీ కలుపుతూ. మా అమ్మ నాకు చేపల పులుసు అన్నం అలాగే కలిపేది. కిలో మాంసానికి ఎంత ఉల్లి వేస్తావు మావుసీ అని అడిగితే, "అరకిలో వెయ్యకపోతే కొషా ఎలా అవుతుంది?" అంది. కొషా అంటే చిక్కగా వేయించిన మాంసం కూర. వెల్లుల్లి ఎంత అని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఎముక ఏరింది. గొంతులో గుచ్చుకునేది ఎముకే అని అందరికీ తెలుసు. ఉల్లి గ్రేవీలో కరిగిపోయింది. కంటికి కనపడనిదాన్ని ఏరడం ఎవరి తరం?

పిల్లికి ఉల్లి ఎందుకు విషం అవుతుందో తెలిశాక నాకు ఆవిడ మీద కాదు, మా ఇంటి మీదే కోపం వచ్చింది. ఉల్లిలో, వెల్లుల్లిలో గంధకం కలిసిన పదార్థాలు ఉంటాయి. మనకి కళ్ళ నీళ్ళు తెప్పించేదీ, కూరకి రుచి తెచ్చేదీ ఆ కుటుంబమే. అవి ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్‌ని పాడు చేస్తాయి. మన హిమోగ్లోబిన్‌లో అలా దెబ్బ తినే చోట్లు రెండు ఉంటే, కుక్కకి నాలుగు, పిల్లికి ఎనిమిది. దెబ్బతిన్న హిమోగ్లోబిన్ ముద్దకట్టి కణం గోడకి అంటుకుంటుంది, నేను మైక్రోస్కోప్‌లో చూసిన మొటిమలు అవే. ఆ కణాలు పగిలిపోతాయి. పగిలినవి మూత్రంలో డికాషన్ రంగుగా దిగుతాయి.

పిల్లి బరువులో కిలోకి 5 గ్రాముల ఉల్లి చాలు, రక్తంలో మార్పు కనిపించడానికి. మూడు కిలోల ఉలవకి 15 గ్రాములు, అంటే ఒక చిన్న ఉల్లిపాయలో పావు ముక్క. వెల్లుల్లి అంతకంటే ఘాటు, ఇంకా తక్కువే చాలు. వండితే విషం పోతుంది అనుకోకండి, పోదు. వేయించినా, ఎండబెట్టినా, పొడి కొట్టినా పోదు. పొడి అయితే మరీ ప్రమాదం, ఎందుకంటే నీరు పోయి సరుకంతా చిక్కబడుతుంది. ఒకేసారి ఎక్కువ తిన్నా, రోజూ కొంచెం కొంచెం తిన్నా దెబ్బ ఒకటే.

అన్నిటికంటే నన్ను భయపెట్టే విషయం ఇంకొకటి. తిన్న వెంటనే ఏమీ కాదు. రెండు రోజులు, ఒక్కోసారి నాలుగైదు రోజులు గడిచాక పిల్లి వాలిపోతుంది. అప్పటికి ఆ కూర ఎవరికి గుర్తుంటుంది? "మా పిల్లికి ఎప్పుడూ పెడతాం, ఏమీ కాలేదు" అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళ పిల్లి ఎందుకు పోయిందో వాళ్ళకి తెలియదు, అంతే. ఎండ దెబ్బ అనుకుంటారు, పాము కరిచిందనుకుంటారు, దిష్టి అనుకుంటారు. మా చిన్నప్పుడు మా ఇంట్లో మూడు పిల్లులు "ఉన్నట్టుండి" పోయాయి. ఆ ఉన్నట్టుండి అనే మాట ఇప్పుడు తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

మా ఇంటి మీద కోపం అన్నాను కదా. నోము మాది. పిల్లిది కాదు. మేం మాంసం మానేశాం కాబట్టి ఇంట్లోకి మాంసం రాకూడదన్నాం, కాబట్టి పిల్లికీ పాలన్నం పెట్టాం. ఎవరి నమ్మకం వాళ్ళది, నేను ఇప్పటికీ కార్తీకం చేస్తాను. కానీ పిల్లి శరీరానికి మాంసం రుచి కాదు, అవసరం. టారిన్ అనే పదార్థాన్ని మన ఒళ్ళు తయారు చేసుకోగలదు, పిల్లి ఒళ్ళు తనకి కావలసినంత చేసుకోలేదు. అది మాంసంలో, చేపలో ఉంటుంది. బియ్యంలో, పప్పులో, కూరగాయల్లో ఉండదు. టారిన్ చాలకపోతే కంటి వెనక పొర పాడై చూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. ఆ గుండె జబ్బుకి కారణం టారిన్ లోపమేనని అమెరికాలో పాల్ పియాన్ అనే పశువైద్యుడు, ఆయన తోటివాళ్ళు 1987లో బయటపెట్టారు. ఆ తర్వాతే పిల్లుల ఆహారం తయారు చేసే కంపెనీలు టారిన్ ఎక్కువగా కలపడం మొదలుపెట్టాయి. ఒక్క నెల పాలన్నంతో గుండె ఆగిపోదు, నిజమే. కానీ ఆ నెల ఉలవని ఆకలితో గోడ దూకించింది. మావుసీ గిన్నె ముందు కూర్చోబెట్టింది మేమే.

"మన తాతల కాలం నుంచి పిల్లులు పెరుగన్నమే తిన్నాయి, అప్పుడు ఎవరు చూశారు ఈ టారిన్లు?" ఈ మాట నాతో కనీసం పది మంది అన్నారు. మా మామయ్యగారు మొదటివారు. ఆయన మీద ఎంతో గౌరవం ఉంది, అయినా ఈ విషయంలో ఆయనతో ఒప్పుకోను. తాతల కాలంలో పిల్లి పెరుగన్నం తిని బతకలేదు. ధాన్యపు గాదె కింద ఎలుకల్ని, పెరట్లో తొండల్ని, పిచ్చుకల్ని తిని బతికింది. పెరుగన్నం మనం పెట్టిన ముద్ద మాత్రమే, దాని భోజనం వేరే ఉండేది. ఆ భోజనం మన కంటపడేది కాదు కాబట్టి మన ముద్దతోనే బతికిందని అనుకున్నాం. ఇప్పుడు మా వీధిలో గాదెలు లేవు. పెరట్లన్నీ సిమెంటు అయ్యాయి. కిటికీలకి దోమల మెష్‌లు. పిల్లికి మిగిలింది మన పళ్ళెం ఒక్కటే. ఆ పళ్ళెంలో ఏముందో చూడాల్సిన బాధ్యత అప్పుడు లేదు, ఇప్పుడు ఉంది.

పైగా తాతల కాలంలో రోజూ మసాలా గ్రేవీ ఎక్కడిది? పండగకి ఉండేది.

మా ప్రాంతపు వంటింట్లో ఏవి చూసుకోవాలో చెబుతాను. పొఖాళొ, అంటే నీళ్ళు పోసిన చద్దన్నం, దాని పక్కన నంచుకునే బొడి చురాలో వడియాలు, మిరపకాయతో పాటు ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. పిల్లి పొఖాళొ గిన్నె నాకిందని నవ్వుకుంటాం, ఆ పొడి అందులో ఎంత కలిసిందో చూడం. శుఖువా, అంటే మన ఎండు చేప, పిల్లికి ప్రాణం. కానీ అది ఉప్పు మూట. ఎండు నెత్తళ్ళు పెట్టాలనిపిస్తే వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి రెండు తలలు పెట్టండి, గుప్పెడు కాదు. పచ్చి చేప కూడా మంచిది కాదు. చేపల బజారులో కోసేవాళ్ళ కాళ్ళ దగ్గర పిల్లులు పేగుల కోసం కాచుకుని కూర్చుంటాయి కదా, ఆ అలవాటునే మనం ఇంటికి తెస్తాం. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. వారాల తరబడి అదే తింటే పిల్లి మెడ కిందకి వాలిపోతుంది, తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది.

పాలు విషం కాదు. కానీ పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలో చక్కెరని అరిగించే శక్తి ఉండదు, విరేచనాలు అవుతాయి. నీళ్ళు పెట్టండి చాలు.

పాయసంలో కిస్మిస్, ద్రాక్ష కుక్కల కిడ్నీలని పాడు చేస్తాయని రుజువైంది. అందులోని టార్టారిక్ యాసిడ్ వల్ల కావచ్చని 2021 నుంచి పశువైద్యులు అంటున్నారు. చింతపండులోనూ అదే ఆమ్లం దండిగా ఉంటుంది. పిల్లుల విషయంలో ఆధారాలు తక్కువ, అయినా నేను పులుసు పెట్టను. చాక్లెట్, కాఫీ, టీ గుండెని పరిగెత్తిస్తాయి. పిల్లికి తీపి రుచే తెలియదు, తీపిని పట్టే జన్యువు దానిలో చెడిపోయి ఉందని 2005లో కనుక్కున్నారు. కాబట్టి చాక్లెట్ జోలికి అది అంతగా రాదు. కేకు మీద వెన్న వాసనకి వస్తుంది, అదే చిక్కు. పులియబెట్టిన పచ్చి పిండి, కల్లు, సారా చుక్క, వీటి గురించి చెప్పక్కర్లేదు అనుకుంటాను, అయినా ఒక పెళ్ళిలో సరదాకి పిల్లిపిల్లకి కల్లు పోసినవాళ్ళని చూశాను.

ఇప్పుడు ఆ సిరప్ సీసా. పారాసిటమాల్ ఆహారం కాదు, కానీ మన ఇళ్ళలో అది ఆహారం అంత మామూలు. మన కాలేయం ఆ మందుకి ఒక చక్కెర ఆమ్లాన్ని తగిలించి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ పని సరిగ్గా చేతకాదు, దానికి కావలసిన ఎంజైమ్ జన్యువు పిల్లిజాతిలోనే పాడైపోయి ఉంది. మిగిలిపోయిన మందు విషంగా మారి నేరుగా వెళ్ళి హిమోగ్లోబిన్ మీదే పడుతుంది. చిగుళ్ళు గోధుమ రంగుకి తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరి అందదు. పెద్దవాళ్ళ 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి పిల్లిని చంపగలదు. ఉల్లి అప్పటికే ఉలవ రక్తాన్ని సగం తినేసింది. మిగిలిన సగం మీద నేను ఆ రెండు చుక్కలు వేసి ఉంటే? డాక్టరమ్మకి ఆ సీసా సంగతి చెప్పినప్పుడు ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టి నన్ను చూసింది. ఏమీ అనలేదు. ఆ కుర్రాడి మీద నాకు ఫిర్యాదు లేదు, వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే నా ఫిర్యాదు. మనుషుల మందుల షాపులో పిల్లికి మందు అడగకండి. వాళ్ళు ఇచ్చినా తీసుకోకండి.

ఉల్లికి విరుగుడు మందంటూ లేదు. తిన్న గంటా రెండు గంటల్లో డాక్టరు దగ్గరికి చేరితే కక్కించగలరు. ఇంట్లో ఉప్పునీళ్ళు పోసి కక్కించాలని చూడొద్దు, ఆ ఉప్పే ఇంకో విషం. ఆలస్యమైతే సెలైన్, ఆక్సిజన్, మరీ పడిపోతే రక్తం ఎక్కించడం. ఉలవకి రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. రెండు రోజులు అక్కడే ఉంచుకుని పంపారు. మూడు వారాలు పట్టింది మళ్ళీ చిగుళ్ళకి రంగు రావడానికి. రోజూ పొద్దున్న పెదవి ఎత్తి చూసేదాన్ని. మొదట కాగితం, తర్వాత లేత వంకాయ పువ్వు, ఆ తర్వాత ఒక రోజు చూద్దామని వేలు పెడితే కరిచింది. అత్తయ్య ఏడ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెబుతాను, ఖర్చు పెద్దగా లేదు. చికెన్ గానీ చేప గానీ కడిగాక, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి తగలక ముందే పిల్లి ముక్కలు వేరు చేస్తాం. చిన్న గిన్నెలో కొద్ది నీళ్ళతో ఉడికిస్తాం. ఆ నీళ్ళు పారబోయం, టారిన్ నీళ్ళలోకి దిగిపోతుంది కాబట్టి ఆ నీళ్ళతోనే మెత్తగా కలిపి పెడతాం. కోడి గుండెకాయలు దొరికితే ఇంకా మంచిది. కార్జం వారానికి ఒకసారి, బొటనవేలంత, ఎక్కువైతే విటమిన్ ఏ పేరుకుని మెడ ఎముకలు బిగుసుకుంటాయి. ఉడికిన ఎముకలు వెయ్యం, అవి చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఇంటి ముక్కలతోనే అన్నీ అందవు కాబట్టి సగం పూటలు పిల్లుల కోసమే చేసిన తిండి కొంటాం, కుక్కలది కాదు. కార్తీకంలో అయితే మొత్తం అదే. ప్యాకెట్ పెరటి షెడ్డులో ఉంటుంది, గిన్నె కూడా అక్కడే. అత్తయ్య మడికి అడ్డం రాదు. మొదట్లో ఆవిడ నసిగింది. "ఆంజనేయస్వామి తోకకి నిప్పు పెట్టినట్టు దానికి మన నోము ఎందుకులే" అని ఆవిడే ఒక రోజు తేల్చేసింది. ఆ పోలిక నాకు అర్థం కాలేదు, కానీ నేను వాదించలేదు.

మావుసీకి మాత్రం చెప్పడం కష్టమైంది. నీ ముద్ద విషం అని ఒక మనిషికి ఎలా చెబుతాం? మూడు రోజులు మాటలు కూడబలుక్కున్నాను. చివరికి ఉలవని ఎత్తుకుని గోడ దగ్గరికి వెళ్ళి, రక్తం రిపోర్టు చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఉలవ తల మీద చేయి వేసింది, తీసింది. వారం రోజులు గోడ దగ్గరికి రాలేదు.

మొన్న ఛాడఖాయికి పొద్దున్న తొమ్మిది గంటలకి గోడ మీద నుంచి పిలిచింది. ఆవిడ వంటింట్లో ఒక పొయ్యి మీద పెద్ద కడాయి, నూనె ఇంకా కాగలేదు. రెండో పొయ్యి మీద అరచేతిలో పట్టేంత సత్తుగిన్నె, అందులో నాలుగు మాంసం ముక్కలు ఉడుకుతున్నాయి. తరిగిన ఉల్లిపాయల పళ్ళెం తీసుకెళ్ళి అవతల గదిలో పెట్టింది, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి గిన్నె మూత తీసింది. "రొసుణొ (వెల్లుల్లి) లేదు, పియాజొ (ఉల్లి) లేదు, ఉప్పు లేదు. నువ్వు చూడు" అని నా ముందుకి జరిపింది. ఉలవ అప్పటికే గోడ దూకి ఆవిడ పీట పక్కన కూర్చుంది.